దేవదూతకి పెట్టిన కంచం

రెండువేల పదహారు వేసవిలో మా ఆయన దేవుణ్ణి వెతకడానికి బయల్దేరాడు. వెతకాలనుకున్న మనిషి మనకున్న దేవుళ్ళలో వెతుక్కోవచ్చు కదా? ముక్కోటి మంది ఉన్నారు, ఒక్కరైనా దొరక్కపోరు. అబ్బే, ఆయనకి వాళ్ళు ఆనలేదు. యూదుల మర్మవిద్యట, జపాను వాళ్ళ జెన్ అట, ఆ రెండూ చాలవన్నట్టు పైన దేవదూతలట. మూడూ కలిపి ఒకే కోర్సుగా చెప్పే మహానుభావుడొకడు దుబాయ్‌లో, అల్ ఖూజ్ గోడౌన్ల మధ్య దొరికాడు. శనివారం వస్తే చాలు, మా ఆయన అబూధాబీ నుంచి కారేసుకుని అక్కడికి పోయేవాడు. ఇంట్లో నేనొకదాన్ని ఉన్నానన్న సంగతి మాత్రం అటు యూదులు గాని, ఇటు జపాను వాళ్ళు గాని ఆయనకి గుర్తు చెయ్యలేదు.

ఇదంతా ఎందుకు మొదలైందో ముందే చెప్పేస్తాను. దాచి దాచి చెప్పడం నాకు చేతకాదు. ఆ ఫిబ్రవరిలో, మాకు పుట్టాల్సిన పాప ఏడో నెలలో కడుపులోనే పోయింది. పెళ్ళయిన చాలా ఏళ్ళకి నిలిచిన కడుపు. నర్సు తెల్లగుడ్డలో చుట్టి తీసుకొచ్చేసరికి రాజమండ్రి నుంచి మా అత్తగారు ఫోన్లోనే అన్నీ శాసించేసింది. దానికి పిల్ల మొహం చూపించకండి, పేరూ గీరూ పెట్టకండి, పళ్ళు రాని పిల్లకి కర్మా లేదు మైలా లేదు, మట్టిలో పెట్టేసి తలారా స్నానం చేసి ఇంటికెళ్ళిపోండి అని. ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళకూడదు కాబట్టి నన్ను మంచం మీదే ఉంచారు. మా ఆయన ఒక్కడే వెళ్ళి బనియాస్ అవతల ఎక్కడో ఇసుకలో పెట్టి వచ్చాడు. ఎక్కడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ రోజుతో మా ఇంట్లో ఆ మాట మూతపడింది.

మూతపడితే ఊరుకుంటుందా? నాకైతే పొద్దున లేచింది మొదలు ఒళ్ళు మండుతూనే ఉండేది. ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ ఇంకా వయసుంది కదే అనేవాళ్ళు. నాకు వయసు సంగతి ఎవరు అడిగారు? మా అమ్మ కూడా పోనీలే, మర్చిపో అంది. ఏం మర్చిపోవాలో కూడా ఎవరూ పైకి అనరు. అసలు ఏమీ జరగనట్టే అందరూ పండక్కి చీరలు కొనుక్కున్నావా అని అడిగేవాళ్ళు.

మా ఆయన పేరు రాధాకృష్ణ. ముసఫ్ఫా దగ్గర ఐకాడ్ అనే ఫ్యాక్టరీల పేటలో ఓ కూలింగ్ ప్లాంటులో ఇంజనీరు. నీళ్ళు చల్లబరిచి పైపుల్లో పంపించే పని. మేముండేది మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో, ఒక విల్లాని చెక్కలు కొట్టి నాలుగిళ్ళు చేసిన దాంట్లో ఒక వాటా. మా హాలు గోడకి అవతల దిల్షాద్ బేగం వంటిల్లు. కరీంనగర్ మనిషి. ఆవిడ భర్త హిదాయతుల్లా పికప్ నడుపుతాడు. పేరుకి గోడే గాని, అది జిప్సం అట్ట. ఆవిడ పోపు వేస్తే మాకు తుమ్ములొచ్చేవి.

ఆ దిల్షాద్ బేగం వంటింట్లోనే ఒక మధ్యాహ్నం నా నిర్ణయం పైకి చెప్పేశాను. ఆగస్టులో కాకినాడ వెళ్తున్నాను, వెళ్ళాక మళ్ళీ రాను అని. అందరూ సెలవులకే అనుకుంటున్నారు, ఆయన కూడా అదే అనుకుంటున్నాడు, అనుకోనీ. మాటే లేని ఇంట్లో ఎంతకాలమని కాపురం చెయ్యను? ఆవిడ ఉల్లిపాయలు తరగడం ఆపి నా మొహం చూసి, మళ్ళీ తరుక్కుంది. నాకు అదే నచ్చింది. వద్దనీ అనలేదు, సరే అనీ అనలేదు.

ఈలోపు మా ఆయన ఆధ్యాత్మికం జోరందుకుంది. ఆఫీసులో శ్యాంప్రసాద్ అని ఒకాయన ఉన్నాడు, భీమవరం మనిషి. దుబాయ్‌లో ఏ కోర్సు పెట్టినా చేరి, సగంలో మానేసి, మిగతా సగానికి ఇంకొకర్ని చేర్పించడం ఆయన వ్యసనం. ఆయనే మా ఆయన్ని ఆ డెరెక్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఈ డెరెక్ దక్షిణాఫ్రికా వాడు. గురువు కాకముందు లిఫ్టులు అమ్మేవాడట. మనుషుల్ని పైకి పంపించే అలవాటు పోయినట్టు లేదు.

మొదటి పాఠం అయ్యాక మా ఆయన మణికట్టుకి ఎర్రదారం కట్టుకొచ్చాడు. అన్నవరంలో నేను కట్టించిన తోరం ఆఫీసులో బావుండదని విప్పేసిన మనిషే. ఎర్రదారంతో ఊరుకోలేదు. భోజనాల బల్ల మీద పెద్ద కాగితం పరిచి పది గుండ్రాలు గీసి, వాటి మధ్య గీతలు గీసి, బాణాలు పెట్టాడు. అచ్చం ప్లాంటు డ్రాయింగులాగే ఉంది. పైన అంతులేని వెలుగు ఉంటుందట. అది కిందికి దిగడానికి దేవుడు పది పాత్రలు పెట్టాడట. ఆ వెలుగు తట్టుకోలేక కొన్ని పాత్రలు పగిలిపోయాయట. ఆ నిప్పురవ్వలు ఏరుకోవడమే మన జన్మకి పనట.

"అంటే ప్రెషర్ ఎక్కువై పైపులు పగిలాయన్నమాట," అన్నాను.

ఆయన దాదాపు అంతే అన్నాడు. మరి మీ ప్లాంటులో పెట్టినట్టు వాల్వులు పెట్టుకోలేకపోయాడా దేవుడు అని అడిగాను. అది డెరెక్‌ని అడుగుతానన్నాడు, నిజంగానే. అక్కడితో ఆగితే నేనూ నవ్వి ఊరుకునేదాన్ని. ఆయన పెన్ను మూతపెట్టి, కాగితం వైపే చూస్తూ, "పాత్ర పగలడం పాత్ర తప్పు కాదు కామాక్షీ," అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పాత్రంటే ఎవరు? నేనా? ఇన్నాళ్ళూ నోరు విప్పని మనిషి, విప్పి విప్పి నన్ను పగిలిన కుండని చేస్తాడా? ఆ మాటే అడిగాను. అది కాదు, అది కాదు అంటాడే గాని, ఏది అవునో చెప్పడు. నేను కాగితం నాలుగు మడతలు పెట్టి ఆయన జేబులో కుక్కి, వెళ్ళి గదిలో పడుకున్నాను.

తర్వాత జెన్ వచ్చింది. ఆఫీసు నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, దిండు వేసుకుని, హాల్లో గోడకి ఎదురుగా కూర్చునేవాడు. కళ్ళు సగం మూసి, వీపు నిటారుగా. ఉలుకూ పలుకూ ఉండదు. కాఫీ పెట్టమంటారా అని అడిగితే గోడ జవాబు చెప్పాలి. అవతల దిల్షాద్ బేగం రోట్లో అల్లం వెల్లుల్లి దంచుతుంటే గోడంతా అదిరేది, ఈయన మాత్రం కదలడు. ఒకరోజు ఆవిడ గుమ్మంలోకి వచ్చి తొంగి చూసి, నన్ను పక్కకి పిలిచి, "ఏంది బిడ్డా, సారు గోడకెల్లి గట్లనే చూస్తున్నడు, పగులేమన్న ఇచ్చిందా? బడే సాహెబ్‌కి చెప్పి సిమెంట్ పెట్టిద్దునా?" అంది. బడే సాహెబ్ మా విల్లా వాచ్‌మన్.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గోడని చూసే శ్రద్ధలో పదో వంతు నా మొహం చూసి ఉంటే ఆ ఇంట్లో ఏదో ఒకటి బాగుపడేది. అదే అన్నాను కూడా, ఆయన వెనకాల నిలబడి. వీపు కొంచెం వంగింది. మళ్ళీ సర్దుకుని కూర్చున్నాడు.

రంజాన్ అయిపోయి ఎండలు ఇంకా ముదిరాక దేవదూతల వంతు వచ్చింది. ఒక పొద్దున అరచేతిలో తెల్లటి ఈక పట్టుకుని వచ్చాడు, కిటికీ దగ్గర దొరికిందని. దేవదూతలు వచ్చి వెళ్ళిన గుర్తట అది. నాకు ఎక్కడ నవ్వాలో తోచలేదు. మా పడకగది కిటికీ పక్కన ఏసీ యూనిట్ మీద పావురాలు గూడు పెట్టి నెలయింది. నేను రోజూ చేటతో ఎత్తి పోస్తున్నది ఆ ఈకలే. ఏసీల మీద పావురాలుంటాయని ప్రపంచంలో ఎవరికి తెలియకపోయినా ఈయనకి తెలియాలి, చదివిందే ఆ చదువు. కిటికీ తీసి చూపించాను. చూశాడు. చూసి, ఈకని తీసుకెళ్ళి పర్సులో పెట్టుకున్నాడు.

ఆ వారమే కంచం సంగతి జరిగింది. రాత్రి భోజనానికి నేను రెండు కంచాలు పెట్టాను. ఆయన వెళ్ళి మూడోది తెచ్చి, ఖాళీ కుర్చీ ముందు పెట్టాడు. ఎవరొస్తున్నారని అడిగాను. ఎవరో ఒకరు రావచ్చు, పిలిచినట్టు ఉండాలని డెరెక్ చెప్పాడన్నాడు. ఎవరని గట్టిగా అడిగితే అప్పుడు, దేవదూత అన్నాడు.

మా ఇళ్ళల్లో మనిషి లేకుండా వడ్డించేది ఏడాదికి ఒక్కరోజే, తద్దినం నాడు. మనుషులు బతికున్న ఇంట్లో, దీపాలు పెట్టిన వేళ, ఖాళీ కుర్చీకి వడ్డన ఏమిటి? అరుద్దామని నోరు తెరిచి, ఆయన వడ్డిస్తున్నది చూశాను. అది చిన్న ప్లేటు. నేను వేపుడు గిన్నె జరిపితే వద్దన్నాడు. ఇంత అన్నం పెట్టి, పప్పు వేసి, నెయ్యి వేసి, వేళ్ళతో మెత్తగా, మెతుకు కనపడకుండా కలిపాడు. ఆవకాయ ముట్టుకోలేదు.

"దేవదూతలకి కారం పడదా?" అన్నాను.

"పడదు," అన్నాడు. తల ఎత్తలేదు.

నాకు అన్నం సహించలేదు. చెయ్యి కడిగేసుకుని తలుపు తీసుకుని దిల్షాద్ బేగం దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. విషయం చెప్తే ఆవిడకి నాకంటే ఎక్కువ కోపం వచ్చింది. ఫరిష్తాలు బువ్వ తినరు బిడ్డా, గది ఎవడు చెప్పిండు సారుకు, వానికి దీన్ తెలుసునా ఈమాన్ తెలుసునా అని కాసేపు తిట్టింది. తర్వాత నెమ్మదించి, "మా దాంట్ల అయితే కడుపుల పోయిన పొల్లకి గూడ పేరు పెడ్తరు. మీరేం పేరు పెట్టిన్రు?" అని అడిగింది.

అన్ని నెలల్లో ఆ ప్రశ్న అడిగింది ఆవిడొక్కతే. నేను మంచినీళ్ళు తాగుతున్నాను. గ్లాసు కింద పెట్టి, పెట్టకూడదన్నారండీ అని ఇంటికి వచ్చేశాను. బల్ల మీద ఆ ప్లేటు అలాగే ఉంది, మా ఆయన గోడ ముందు కూర్చుని ఉన్నాడు.

ఆ రాత్రంతా నాకు ఒకటే రగిలింది. డెరెక్ అనేవాడు ఎవడు? లిఫ్టులు అమ్ముకున్నవాడు నా బిడ్డని తీసుకెళ్ళి దేవదూతని చేస్తాడా? మొహం కూడా చూడనివ్వలేదు నన్ను. ముట్టుకోనివ్వలేదు. చివరికి వీడెవడో రెక్కలు కట్టి వాడి కోర్సులో కలుపుకుంటాడా? వెళ్ళి మొహం మీద అడిగేస్తాను, నా పిల్ల జోలికి రావద్దని చెప్పేస్తాను, ఆ తర్వాత కాకినాడ వెళ్ళిపోతాను. అంతే అనుకున్నాను.

శనివారం మా ఆయన బయల్దేరిన కాసేపటికి హిదాయతుల్లా అల్ ఖూజ్‌కి ఫర్నిచర్ సామాను వేసుకెళ్తున్నాడు. నేను వస్తానంటే దిల్షాద్ బేగం తనూ వస్తానంది, ఒక్కదాన్ని పంపేది లేదని. ముగ్గురం ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నాం. దారి పొడుగునా నేను ఇంగ్లీషులో తిట్లు సర్దుకుంటూనే ఉన్నాను. ఇంగ్లీషులో మర్యాదగా సెలవు అడగడం వచ్చు గాని, ఒక మనిషిని కడిగెయ్యడం ఎవరు నేర్పారు మనకి? తెలుగులో నోటిదాకా వచ్చిన మాటకి అక్కడ సరిపడేది దొరకదు. దిల్షాద్ బేగం ఉర్దూలో ఒకటి అందించింది. హిదాయతుల్లా గొంతు సవరించుకుని రేడియో పెంచాడు.

అల్ ఖూజ్‌లో టైర్ల షాపుకీ, లాండ్రీకీ మధ్య ఒక రేకుల గోడౌను. బయట కార్మికుల బస్సులు ఆగి ఉన్నాయి. వాళ్ళిద్దర్నీ పికప్‌లోనే ఉండమని నేను లోపలికి వెళ్తే చల్లగా, చీకటిగా ఉంది. చాపల మీద రకరకాల దేశాల వాళ్ళు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ముందు వరసలో మా ఆయన వీపు కనిపించింది, గోడ ముందు రోజూ చూసే వీపే. డెరెక్ తెల్లగడ్డం పెట్టుకుని, చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాడు. నేను మొదలుపెట్టేలోపే ఒక తెలుగు ముసలావిడ నా చెయ్యి పట్టుకుని, చెప్పులు విడిచే చోట పక్కన కూర్చోబెట్టింది. సరే, అవగానే చూస్తాలే వీడి సంగతి అనుకున్నాను.

అప్పుడే డెరెక్ మెల్లగా ఏదో చెప్తున్నాడు. ఇప్పుడు మీ వాళ్ళని పిలవండి అంటున్నాడు. యూదుల పాత పద్ధతిలో ఒక మనిషి కోసం ప్రార్థించాలంటే ఆ మనిషి పేరూ, కన్నతల్లి పేరూ చెప్పి పిలుస్తారట. తండ్రి పేరుతో, ఇంటిపేరుతో పని లేదట.

ఒక ఫిలిప్పీన్స్ పిల్ల లేచి వాళ్ళ నాన్న పేరూ, నానమ్మ పేరూ చెప్పి కూర్చుంది. ఒక మలయాళీ పెద్దాయన లేచి తమ్ముడి పేరూ, తల్లి పేరూ చెప్పాడు. ఆ తర్వాత మా ఆయన లేచాడు. చేతులు ముందుకి కట్టుకున్నాడు.

"కామాక్షి కూతురు," అన్నాడు, తెలుగులోనే. అని కూర్చోబోయాడు.

ముసలావిడ నా చెవి దగ్గరికి వంగి, పాపం ఆయన ప్రతివారం ఇదొక్కటే అంటాడు, ముందర పేరుండదు అని గుసగుసగా చెప్పింది. నేనెవరో ఆవిడకి తెలియదు.

నాకు మొదట వచ్చింది కోపమే. దారంతా పేర్చుకొచ్చిన ఇంగ్లీషు ఏమైందో ఏమో, ఒక్క ముక్క మిగల్లేదు. ఈ ఐదారు నెలల్లో నాకు కూతురుందని మా అమ్మ అనలేదు, మా అత్తగారు అననివ్వలేదు, డాక్టరు కూడా కేసు అన్నాడు. ఊరూ పేరూ తెలియని వాళ్ళ మధ్య నిలబడి ఈయన అంటున్నాడు, అదీ సగమే. నేను లేచి నిలబడ్డాను.

"దానికి పేరుంది," అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

"స్నిగ్ధ," అన్నాను. "కామాక్షి కూతురు స్నిగ్ధ."

డెరెక్‌కి తెలుగు రాకపోయినా తల వంచాడు. తర్వాత పక్కనున్న మనిషి వైపు తిరిగాడు. ఆ మనిషి లేచి వాళ్ళమ్మ పేరు చెప్పాడు.

బయట పికప్‌లో దిల్షాద్ బేగం కొంగుతో విసురుకుంటూ ఉంది. "తిట్టినవా?" అని అడిగింది. లేదన్నాను. "మరి దేనికొచ్చినం?" అంది. నా వెనకాల మా ఆయన్ని చూసి, ఇంకేమీ అడక్కుండా, యల్లా పోదాం పా అని హిదాయతుల్లా భుజం తట్టింది.

నేను మా ఆయన కారెక్కాను. జెబల్ అలీ దాటాక ఆయనే, ఆ పేరు ఎప్పుడు పెట్టావు అని అడిగాడు. ఐదో నెలలో, మొదటిసారి కదిలినప్పుడు అని చెప్పాను. నాకెందుకు చెప్పలేదన్నాడు. అప్పుడు పట్టుకుంది నాకు కోపం.

"పుట్టకముందు పేరు అనుకోకూడదన్నారు. పోయాక పెట్టకూడదన్నారు. ఇంకెప్పుడు చెప్పాలి? మీరు యూదుల్ని అడిగారు, జపాను వాళ్ళని అడిగారు, ఆకాశంలో దూతల్ని అడిగారు. వంటింట్లో ఉన్నదాన్ని అడగడానికి నోరు రాలేదా?"

ఆయన రోడ్డు వైపే చూస్తూ, "అడిగితే ఏడుస్తావని. ఏడిస్తే ఇంకా తొందరగా వెళ్ళిపోతావని," అన్నాడు.

ఎక్కడికి వెళ్ళిపోతానని అడిగాను. కాకినాడ అన్నాడు, తిరిగి రావుగా అన్నాడు. ఎవరు చెప్పారంటే, నేను దిల్షాద్ బేగంకి చెప్పిన రోజు తలనొప్పని ఆఫీసు నుంచి త్వరగా వచ్చాడట, గోడ ముందు కూర్చున్నాడట. ఆ అట్ట గోడలోంచి అన్నీ వినిపించాయట. విని, ఏం చెయ్యాలో తెలియక, రోజూ అక్కడే కూర్చున్నాడట. అది జెన్ అట. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని కిటికీ వైపు తిరిగాను. ఏడవనిచ్చాడు. ఊరుకోమని అననందుకు, చాలా రోజుల తర్వాత, ఆ మనిషి మీద కాస్త కోపం తగ్గింది.

మా ఇంటికి తిరగాల్సిన చోట ఆయన తిరగలేదు. బనియాస్ వైపు పోనిచ్చాడు. ఎక్కడికో నాకు అర్థమైంది. దగ్గరికి వచ్చాక కారు స్లో చేసి, ఆడవాళ్ళు రాకూడదేమో అన్నాడు.

"ఎవరన్నారు?"

"అమ్మ."

"మీ అమ్మని రమ్మనండి, వచ్చి ఆపమనండి," అన్నాను.

గేటు దగ్గర కాపలా మనిషి మా ఆయన్ని చూసి, తెలిసిన వాళ్ళని పలకరించినట్టు సలాం చెప్పాడు. అంటే వస్తున్నాడన్నమాట. శనివారాలు దారిలో ఇక్కడ ఆగుతున్నాడన్నమాట, నన్ను వదిలేసి. మళ్ళీ మండింది నాకు. ఆయన వెనకాలే నడిచాను. పెద్దవాళ్ళ సమాధులు ఒక పక్క, చిన్నవాళ్ళవి ఒక పక్క. చెట్టు లేదు, చేమ లేదు. ఇసుకలో వరసగా చిన్న చిన్న దిబ్బలు, ఒక్కోదానికి ఒక్కో రాయి. ఆయన వెతుక్కోలేదు. తిన్నగా వెళ్ళి ఒకదాని దగ్గర ఆగాడు. అది చేటంత కూడా లేదు.

సాయంత్రం అవుతున్నా ఎండ తగ్గలేదు. ఇసుక సెగ చెప్పుల్లోంచి తెలుస్తోంది.

"పిల్లని ఇంత ఎండలో పెడతారా ఎవరైనా?" అన్నాను. గట్టిగానే అన్నాను. దూరంగా గేటు దగ్గరున్న మనిషి కూడా ఇటు చూశాడు.

ఆయన మొహం చేతుల్లో పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు. నేను అటు తిరిగి, ఎండకి అడ్డంగా వెళ్ళి నిలుచున్నాను. నా నీడ సగందాకానే పడింది. కొంగు చాపితే ఇంకాస్త పడింది. ఆయన కళ్ళు తుడుచుకుని చూసి, వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఇద్దరి నీడా కలిస్తే సరిపోయింది. పొద్దు వాలేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం.